పల్లె తలుపు తీయాల్సింది ఎవరు?

ప్రయాణికురాలు: అరకు అనగానే అందరూ ఒకే దారి చెబుతున్నారు మాస్టారూ. విశాఖలో కిరండూల్ రైలెక్కడం, బొర్రాలో దిగడం, పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, రాత్రికి బొంగు చికెన్, మర్నాడు తిరుగు ప్రయాణం. పిల్లలతో మొదటిసారి వెళ్తున్నాం. నాకది చాలదు. పాత పల్లెలు చూడాలి. ఎర్రమట్టి మెత్తిన గోడలు, ఊరి నడుమ పెద్దలు కూర్చునే రాతిపలకలు, వలిసె చేలు, వారపు సంత. వీలైతే రిసార్టులో కాకుండా ఏదైనా ఊళ్ళో ఒకరింట్లో ఉండాలి. ఏళ్ళ తరబడి ఆ కొండల్లో చదువు చెప్పారు కదా, దారి చూపిస్తారని మిమ్మల్ని అడిగితే వద్దంటున్నారు.

మాస్టారు: అరకు వద్దనలేదమ్మా. ఇళ్ళలోకి వద్దన్నాను. బొర్రా గుహను చూడటానికే తెరిచారు, తోటను చూడటానికే పెంచుతున్నారు, మ్యూజియం చూడటానికే కట్టారు. పల్లెను ఎవరూ చూడటానికి కట్టలేదు. అక్కడ పొద్దున్నే ఒకామె ఊట దగ్గర్నుంచి బిందె మోసుకొస్తుంది. ఒకతను కాఫీ తోటకి పోతాడు. ఓ ముసలాయన ఎండకి కూర్చుంటాడు. ముగ్గురూ తమ బతుకు తాము బతుకుతుంటే నీ ఫోన్ ముందు అది ఫోటో అయిపోతుంది. నువ్వు మంచిదానివే. నీ వెనక వచ్చే వందమందీ మంచివాళ్ళే కావచ్చు. అయినా ఆ ముసలాయన రోజూ వందమంది కళ్ళలో పడుతూ కూర్చోవాలి.

ప్రయాణికురాలు: మా ఆడపడుచు వాళ్ళు ఫ్రాన్స్ వెళ్ళినప్పుడు పారిస్‌లో ఎక్కువ ఉండలేదు, పల్లెలు తిరిగారు. రాతి ఇళ్ళు, సన్నని వీధులు, గుమ్మం ముందు పూలకుండీలు. ఆ ఊళ్ళలో కూడా ముసలాయనలు ఎండకి కూర్చునే ఉంటారు. వాళ్ళని చూడటం తప్పని ఎవరూ అనలేదు. పైగా ఆ పల్లెలు చూడండి చూడండి అని పిలుస్తాయి. కొలోంజ్ లా రూజ్ అని ఒక ఊరుంది, ఊరంతా ఎర్రరాయి. ఆ ఊరి మేయరు షార్ల్ సేరాక్ 1982లో ఫ్రాన్స్‌లోని అందమైన పల్లెలన్నిటికీ కలిపి ఒక సంఘం పెట్టాడు. మొదట 66 ఊళ్ళు చేరాయి. ఇప్పుడు 170కి పైగా ఉన్నాయి. జనాలు పట్నాలకి పోయి ఇళ్ళు కూలిపోతున్న ఊళ్ళకి పర్యాటకులే ఊపిరి పోశారు. ఫ్రాన్స్ పల్లెకి వెళ్తే సంస్కారం, అరకు పల్లెకి వెళ్తే అపచారం ఎలా అవుతుంది?

మాస్టారు: నీ ఉదాహరణలోనే జవాబుంది. పిలిచింది ఎవరు? ఊరి మేయరు. ఆ సంఘంలో చేరాలంటే ఊరి జనాభా 2000 దాటకూడదు, రక్షిత కట్టడాలో ప్రదేశాలో కనీసం రెండుండాలి, అన్నిటికీ మించి ఊరి పాలకమండలి తీర్మానం చేయాలి. బండ్లు ఎక్కడ ఆపాలో వాళ్ళే చెబుతారు. ఎవరి ఇంటి గుమ్మం దాటాలో వాళ్ళే చెబుతారు. చూసేవాడూ చూడబడేవాడూ ఒకే భాష మాట్లాడతారు, ఒకే ఓటు వేస్తారు, తేడా వస్తే కోర్టుకి పోయే స్తోమత ఇద్దరికీ ఉంటుంది. దుంబ్రిగుడ దగ్గరో ముంచంగిపుట్టు దగ్గరో ఒక పోర్జా తెగ ఊరుని ఎవరు అడిగారు? మైదానం నుంచి వచ్చినవాడు ఒక వీడియో పెట్టాడు, మర్నాటికి కార్లొచ్చాయి. వంజంగి కొండకి జరిగింది అదే కదా. మబ్బుల మీద సూర్యోదయం చూడాలని తెల్లారకముందే జనం ఎక్కుతున్నారు. దిగేటప్పుడు సీసాలూ కవర్లూ కొండకి వదిలేస్తున్నారు. తీర్మానం చేసిందెవరు?

ప్రయాణికురాలు: చెత్త వేసేవాళ్ళని చూపించి నన్ను ఆపకండి. సరే, పిలుపు సంగతికే వస్తాను. అరకు కాఫీ 2017లో పారిస్‌లో దుకాణం తెరిచింది. మర్నాడే ఆ కప్పు వెనక ఉన్న కొండ ఎక్కడుందని తాగినవాళ్ళు అడిగి ఉంటారు. డబ్బా మీద అరకు పేరు ఉంది, 2019లో ఆ పేరుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊరి పేరు మీద సరుకు అమ్మడం పిలుపు కాదా? గింజ పారిస్ దాకా పోవచ్చు, మనిషి మాత్రం విశాఖ నుంచి పల్లె దాకా రాకూడదా?

మాస్టారు: గింజ ఎలా పోయిందో కూడా చెప్పు. గిరిజన రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. నాంది ఫౌండేషన్ వాళ్ళ వెంట ఏళ్ళ తరబడి ఉంది. పండు ఎప్పుడు కోయాలి, ఎంత ఎరుపెక్కాక కోయాలి, ధర ఎలా కట్టాలి అని కూర్చుని మాట్లాడుకున్నారు. రైతు తన తోట అంచున నిలబడి గింజ అమ్మాడు. తన వంటిల్లు అమ్మలేదు. నేనూ అదే అంటున్నాను. కొను. మిరియాలు కొను, పసుపు కొను, రాజ్మా కొను, తేనె కొను. సంతలో బేరమాడకుండా కొను.

ప్రయాణికురాలు: సరుకు మాత్రమే అమ్ముకోవాలి, ఆతిథ్యం అమ్ముకోకూడదు అని వాళ్ళకి మీరు గీత గీస్తున్నారు. చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు అమ్మి ఎన్ని తరాలు బతికారు? మైదానపు షావుకారు తూకంలో ముంచుతున్నాడనే కదా 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టింది. సరుకు ఎప్పుడూ మధ్యవాళ్ళ చేతిలో పడుతుంది. రాత్రి బసకి మధ్యవాడు అక్కర్లేదు. నేను ఒకామె ఇంట్లో పడుకుని, ఆమె వండిన సామ అన్నం తిని, ఆమె చేతికే డబ్బిస్తాను. ఇప్పుడు నా డబ్బు ఎక్కడికి పోతోందో మీకు తెలుసు. హోటలు మైదానం వాళ్ళది, కారు మైదానం వాళ్ళది, టెంట్లు వేసేవాడు కూడా ఎక్కువసార్లు మైదానంవాడే. మీ మాట విని నేను రిసార్టులో దిగితే లాభపడేది ఎవరు?

మాస్టారు: ఇది గట్టి మాట. దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది, అదీ చేదు జవాబు. ఏజెన్సీలో గిరిజనేతరుడు భూమి కొనలేడు. 1959 నిబంధనకి 1970లో చేసిన సవరణ అలా కట్టుదిట్టం చేసింది. అందుకే అక్కడందరూ దాన్ని 1/70 అంటారు. మరి ఆ రిసార్టులూ టెంట్లూ ఎలా లేచాయి? కాగితం మీద స్థానికుడి పేరు, పెట్టుబడి ఇంకొకరిది. రేపు నువ్వు ఇంటి బస బాగుందని నలుగురికి చెబితే అదే తంతు ఇళ్ళకి పాకుతుంది. బయట ఆమె పేరు బోర్డు ఉంటుంది. బుకింగు ఫోను నర్సీపట్నంలోనో గాజువాకలోనో మోగుతుంది. ఆమె తన ఇంట్లోనే కూలీ అవుతుంది. మధ్యవాడు అక్కర్లేదన్నావు. డబ్బు వాసన తగిలిన చోటికి వాడు ఎప్పుడు రాలేదు?

ప్రయాణికురాలు: అది చట్టాన్ని దాటినవాడి నేరం. నా ప్రయాణానిది కాదు. నిజానికి మీరు చెప్పిన 1/70 నా వైపు సాక్ష్యం. ఫ్రాన్స్‌లో ఆ అందమైన ఊళ్ళకి జరిగిన నష్టం ఏమిటి? పట్నంవాళ్ళు ఇళ్ళు కొనేసి వేసవికి మాత్రం వచ్చిపోతారు, చలికాలం వీధులు ఖాళీ. అరకులో చట్టం సరిగ్గా నిలబడితే ఆ గతి పట్టదు. ఇల్లు ఎప్పటికీ వాళ్ళదే. ఆ కంచె ఉన్నప్పుడు లోపల వాళ్ళ నిబంధనల మీద పర్యాటకం నడవడానికి ఇంతకన్నా మంచి చోటు ఏదుంది?

మాస్టారు: చట్టం సరిగ్గా నిలబడితే! ఆ మాట నిలబెట్టడానికి ఎంత కష్టపడ్డారో తెలుసా? నువ్వు టికెట్ కొనే బొర్రా గుహల చుట్టుపక్కల కొండల్నే గనుల కోసం ప్రైవేటువాళ్ళకి లీజుకిచ్చారు. సమత అనే సంస్థ కోర్టుకెళ్ళింది. హైకోర్టులో ఓడి, సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1997 జూలైలో గెలిచింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకి ఇవ్వకూడదన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని ఆ తీర్పు చెప్పింది. దేశంలో ఆదివాసీ భూమి గురించి ఎవరు మాట్లాడినా ఆ తీర్పు పేరు తలవాల్సిందే. అది పుట్టింది అనంతగిరి మండలంలో. నీ పిల్లలకి గుహలో రాతి శివలింగం చూపించేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పు. ఆ ఊళ్ళ పోరాటం తెలియకుండా గుహ చూసి రావడం సగమే చూడటం.

ప్రయాణికురాలు: చెబుతాను. తప్పకుండా చెబుతాను. కానీ మాస్టారూ, ఈ సంగతి నాకు చెప్పింది రిసార్టు మేనేజరు కాదు, మీరు. పల్లెలో ఉంటే ఆ ఊరివాళ్ళే చెప్పి ఉండేవాళ్ళు. అందుకే కదా నేను వెళ్తానంటున్నది.

మాస్టారు: నీకు కథ చెప్పడానికి వాళ్ళకి తీరికెప్పుడు? నువ్వు వెళ్ళేది ఎప్పుడు?

ప్రయాణికురాలు: డిసెంబర్లో. మంచు, వలిసె పూలు, పిల్లల సెలవులు.

మాస్టారు: చూశావా. మైదానానికి అరకు సీజను నవంబర్ నుంచి జనవరి. కొండలో కాఫీ పండు ఎర్రబడేదీ అప్పుడే. సిల్వర్ ఓక్ నీడలో ఇంటిల్లిపాదీ పండు కోస్తారు. ఇవాళ ఎర్రబడ్డ పండు ఇవాళ కోయాలి, ఆగితే రాలిపోతుంది. ఆ పళ్ళు పల్పర్లో తొక్క తీయాలి, కడగాలి, ఆరబెట్టాలి. వరి కోతలూ నూర్పిళ్ళూ కూడా అప్పుడే. ఏడాదిలో ఆ ఇంటికి ఊపిరాడని నెలల్లోనే నువ్వు సెలవు దొరికిందని వస్తావు. పైగా చలికాలం గడిచేకొద్దీ ఊటలు సన్నబడతాయి. నీ పిల్లలకి వేడినీళ్ళు కావాలి. ఒక్కో బకెట్టూ ఎవరో కొండవాలు మీద నుంచి మోసిందే. నువ్వు డబ్బిస్తావు, నిజమే. డబ్బు ఊటలో నీళ్ళు పెంచదు కదా. ఇంకో సంగతి. ఆ ఇంటి ఆడవాళ్ళు మాట్లాడేది కువియో ఆదివాసీ ఒరియానో. తెలుగు బాగా వచ్చేది బడికెళ్ళే పిల్లకి. అంటే నీకూ అమ్మకీ మధ్య మాట మార్చేది ఆ పిల్ల. నువ్వున్నన్నాళ్ళూ ఆ పిల్ల బడికి పోదు. నేను హాజరు పట్టీ రాసినవాణ్ణి. ఆ గైర్హాజరు నాకు కనపడుతుంది, నీకు కనపడదు.

ప్రయాణికురాలు: ఇది నేను ఆలోచించలేదు. కాఫీ కోత సంగతి తెలియదు. డిసెంబర్ వద్దంటే జూన్‌లో వెళ్తాను, బడులు తెరవకముందే. వానలో తడుస్తాం. కానీ మాస్టారూ, మీరు చెప్పినవన్నీ ఎలా వెళ్ళాలో చెప్పే కారణాలు. ఎందుకు వెళ్ళకూడదో చెప్పే కారణాలు కావు. సీజను మార్చుకోవచ్చు. నీళ్ళు లెక్కపెట్టి వాడుకోవచ్చు.

మాస్టారు: అయితే అసలు కారణమే చెబుతాను. నువ్వు పాత పల్లె అన్నావు. ఆ పాతదనం ఎవరిది? పాత పల్లె అంటే నీ మనసులో గడ్డికప్పు, మట్టిగోడ, నూనెదీపం. ఆ ఇంటామె మనసులో ఉన్నది స్లాబు. గడ్డికప్పు వానకి కురుస్తుంది, ఏడాదికో రెండేళ్ళకో మార్చాలి, గడ్డి కోయడానికి కొండెక్కాలి. 2023లో మొదలైన పీఎం జన్‌మన్ పథకం కింద బాగా వెనకబడినవిగా గుర్తించిన తెగలకి పక్కా ఇళ్ళంటే పోర్జాలు, గదబలు, ఖోండులు కాగితాలు పట్టుకుని తిరిగారు. వాళ్ళు వదిలించుకోవాలనుకుంటున్నదాన్ని నువ్వు చూడాలనుకుంటున్నావు. నీ డబ్బు రావడం మొదలైతే గడ్డికప్పు ఉంచమని వాళ్ళకి చెప్పేవాడు కూడా వస్తాడు. పేదరికానికి అలంకారం చేసి నిలబెట్టడం అవుతుంది అది.

ప్రయాణికురాలు: ఇక్కడ మీతో అస్సలు ఒప్పుకోను. మట్టిగోడ పేదరికం, సిమెంటు గోడ అభివృద్ధి అని ఎవరు చెప్పారు? ఆ ఎర్రమట్టి ఇల్లు ఎండలో చల్లగా, చలిలో వెచ్చగా ఉంటుంది. ఆడవాళ్ళు పండక్కి పండక్కి చేత్తో మెత్తి నునుపు తేల్చిన గోడ అది. అందులో పనితనం ఉంది, చూపు ఉంది. కురిసేది కప్పు, గోడ కాదు. మట్టిగోడ ఉంచి కప్పు బాగుచేసుకోవడానికి సాయం ఇస్తారా? ఇవ్వరు. స్లాబు వేస్తేనే బిల్లు. అంటే ఆమె సిమెంటుని ఎంచుకోలేదు, ఆమెకి దొరికిన ఒకే దారి అది. కొలోంజ్‌లో ఎర్రరాతి ఇంటిని కాపాడుకోవడానికి యజమానికి కారణం ఉంది, దానికోసం మనుషులు వస్తారు. ఇక్కడ మట్టి ఇల్లు నిలబెట్టుకోవడం వల్ల ఆమెకి ఏమొస్తుంది? గౌరవం కూడా రాదు. ఒక్కసారి ఎవరైనా వచ్చి, నీ గోడ ఎంత బాగుందమ్మా, ఇందులో పడుకుంటాం అంటే, అప్పుడామె ముందు రెండు దారులుంటాయి. స్లాబే కావాలంటే స్లాబే వేసుకుంటుంది. నేను ఆపను.

మాస్టారు: గోడ సంగతి నువ్వన్నది నిజం. అంత చక్కటి గోడలు పడగొట్టి ఇరుకు గదులు కట్టించడం చూస్తే నాకూ బాధే. కానీ బయటివాడి మెప్పు మీద నిలబడ్డ గోడ, వాడి మోజు తీరగానే ఏమవుతుంది? వలిసె చేలు చూడు. నూనెగింజ కోసం వేసే పంట. ఇప్పుడు రోడ్డు పక్క చేలలోకి ఫోటోలకి దిగుతామంటే మనిషికింత అని తీసుకుంటున్నారు. బాగానే ఉంది, తొక్కిన చేనుకి పరిహారమైనా వస్తుంది. రేపు రోడ్డు పక్కన సామ, చోడి మానేసి అంతా పసుపు పూలే వేస్తే? ఏ పంట వేయాలో ఇన్‌స్టాగ్రామ్ చెబితే?

ప్రయాణికురాలు: ఏ పంట వేయాలో ఇన్నాళ్ళూ ఎవరు చెప్పారు? కాఫీ కూడా కొండలో పుట్టిన పంట కాదు. బయటివాళ్ళే తెచ్చారు, పోడు తగ్గించమన్నారు, కాఫీ వేయమన్నారు. దాన్ని మీరు మెచ్చుకున్నారు.

మాస్టారు: మెచ్చుకున్నాను. ఇప్పటికీ మెచ్చుకుంటాను. సరే, అది నీకు వదిలేస్తున్నాను.

ప్రయాణికురాలు: ఇంకోటి కూడా వదలాలి. రోడ్డు. గర్భిణిని డోలీ కట్టి కొండ దింపే వార్త ప్రతి వానాకాలం వస్తుంది. పర్యాటకులు పోయే చోటికి రోడ్డు త్వరగా వస్తుంది. రోడ్డొస్తే అంబులెన్సు వస్తుంది.

మాస్టారు: కొండ రోడ్ల చరిత్ర అంత శుభ్రమైంది కాదమ్మా. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి పోయే ఘాట్ ఉంది కదా. చలి చూడటానికి ఇప్పుడు కార్లన్నీ ఆ దారినే పోతున్నాయి. 1920ల్లో గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ ఆ పక్క దారులు వేయడానికి కొండవాళ్ళని కూలి సరిగా ఇవ్వకుండా పనిచేయించాడు. ఆ కడుపుమంటే 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెనక చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదికి నడిచింది. రైలూ అంతే. ఆ లైను వేసింది 1960ల్లో, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకి దించి జపాన్‌కి పంపడానికి. 58 సొరంగాలు తవ్వారు. 2017లో అదే పట్టాల మీద అద్దాల పెట్టె వచ్చింది, కొండల్ని చూస్తూ పోవడానికి. దారి ఎప్పుడూ ఇంకొకరి అవసరానికి పడింది. వాళ్ళ డోలీ కోసం మొదట పడిన దారి ఎంత? రోడ్డు కావాలి, వెంటనే కావాలి. అది వాళ్ళ హక్కుగా రావాలి. నీ వారాంతానికి కొసరుగా కాదు.

ప్రయాణికురాలు: పురిటినొప్పులతో ఉన్న మనిషికి రోడ్డు హక్కుగా వచ్చిందా కొసరుగా వచ్చిందా అన్న తేడా ఉంటుందా?

మాస్టారు: ఉండదు. ఆ రాత్రికి ఉండదు.

ప్రయాణికురాలు: ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీరు వాళ్ళ ఇళ్ళలో తినలేదా? పడుకోలేదా?

మాస్టారు: తిన్నాను. పడుకున్నాను. వానల్లో గెడ్డ పొంగి దారి తెగితే పిల్లవాడి ఇంట్లోనే ఉండిపోయాను. కొత్త పండగలకి పిలిచేవాళ్ళు. మామిడి కొత్త జరగనిదే ఊరు మామిడిపండు నోట పెట్టదు. దేవతకి పెట్టాకే అందరూ తింటారు. ఆ రోజు నాకూ ఒక ముక్క చేతిలో పెట్టారు. పిల్లలకి చదువు చెప్పాను కాబట్టి. ఆ ఊరితో నాకు లెక్కలున్నాయి కాబట్టి.

ప్రయాణికురాలు: అంటే ఉద్యోగం ఉంటే వెళ్ళొచ్చు. టీచరు వెళ్ళొచ్చు, ఫారెస్టు గార్డు వెళ్ళొచ్చు, కాంట్రాక్టరు వెళ్ళొచ్చు, వడ్డీకిచ్చేవాడు వెళ్ళొచ్చు, ఓట్లప్పుడు నాయకులు వెళ్ళొచ్చు, పరిశోధన అని విశ్వవిద్యాలయం వాళ్ళు పుస్తకం పట్టుకుని వెళ్ళొచ్చు. వీళ్ళెవరినీ ఊరు పిలవలేదు. ఇంటి అద్దె చేతిలో పెట్టి, కృతజ్ఞతగా తిని వచ్చే నేను మాత్రం వెళ్ళకూడదు. మీకు దొరికిన ఆ మామిడిముక్క జీవితాంతం గుర్తుంది కదా. దాని వల్లే కదా ఇవాళ వాళ్ళ తరఫున ఇంత వాదిస్తున్నారు. నా పిల్లలకి ఆ అవకాశం ఎందుకు ఉండకూడదు? గిరిజనులంటే పాఠ్యపుస్తకంలో బొమ్మగానో ధింసా నాట్యం వేషంగానో తెలిసి పెరిగే పిల్లలు, రేపు అధికారులై ఆ కొండల మీద సంతకాలు పెడతారు. ఒక రాత్రి ఆ ఇంట్లో నిద్రపోయిన పిల్లవాడు అలా పెడతాడా?

మాస్టారు: ఇది నన్ను తాకింది. కాదనలేను. అయితే ఒక్క రాత్రి నిద్ర అంత పని చేస్తుందా అన్నదే నా అనుమానం. ధింసా పేరెత్తావు కాబట్టి చెబుతాను. బోడ ధింసా ఊరి దేవత కోసం ఆడేది. బాగ్ ధింసా పులి ఊరి మీద పడినప్పుడు ఎలా కాచుకోవాలో చూపేది. పొతర్ తోలా ఆకులు కోసే పని. తుడుము, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ములు అన్నీ ఊరికి తెలిసిన సందర్భంలో మోగుతాయి. రిసార్టు మంట చుట్టూ చీరలు సరిచేసుకుని, భోజనాల వేళ అవగానే ఆపేసే ధింసా చూసిన పిల్లవాడు ఏం నేర్చుకుంటాడు? వీళ్ళు మన కోసం ఆడతారు అని నేర్చుకుంటాడు.

ప్రయాణికురాలు: కూచిపూడి సంగతేమిటి? గుడి ముందు, ఊరి నడుమ రాత్రంతా ఆడిన ఆట. వెంపటి చినసత్యంగారు మద్రాసులో 1963లో అకాడమీ పెట్టి సభలకెక్కించకపోతే ఇవాళ అది ఎంతమందికి తెలిసేది? వేదిక ఎక్కిందని కూచిపూడి చచ్చిపోలేదు. కళ డబ్బు తెస్తే ఇంట్లో కుర్రది నేర్చుకుంటుంది. తేకపోతే విశాఖలో బట్టల కొట్టుకి పోతుంది.

మాస్టారు: చినసత్యంగారు కూచిపూడివారే. ఏది ఉంచాలో, ఏది మార్చాలో, టికెట్ ఎంతో ఆయనే నిర్ణయించారు. రిసార్టులో ధింసా ఎంతసేపో నిర్ణయించేది ఎవరు? నా మాట మొదటి నుంచీ ఇదొక్కటే. ఎవరు నిర్ణయిస్తున్నారు?

ప్రయాణికురాలు: అదే ప్రశ్న మిమ్మల్నీ అడుగుతాను. 2012లో అండమాన్‌లో జారవా తెగ ఆడవాళ్ళని పర్యాటకుల ముందు ఆడించిన వీడియో బయటికొచ్చి దేశం తలదించుకుంది. అదే ఏడాది ఒడిశా ప్రభుత్వం బొండా, డోంగ్రియా తెగలు ఉండే ఊళ్ళకి పర్యాటకుల రాకపై ఆంక్షలు పెట్టింది. అరకుకి మరీ దూరమేమీ కావు అవి. మంచిపనే అనుకుందాం. కానీ బొండాలని అడిగి పెట్టారా? సంతకి వచ్చేవాళ్ళకి పూసలు అమ్ముకునే బొండా ఆడమనిషిని అడిగారా? లోపలికి రమ్మని పట్టుకొచ్చేవాడూ అడగలేదు, రావద్దని గేటు వేసినవాడూ అడగలేదు. మీరూ ఆ రెండోవాడి పక్కనే నిలబడుతున్నారు మాస్టారూ.

మాస్టారు: ఆ రెండింటినీ ఒకే తూకం వేయకు. గేటు తీసినవాడి తప్పు వల్ల అవమానం జరుగుతుంది. గేటు వేసినవాడి తప్పు వల్ల కొంత డబ్బు పోతుంది. అయినా అడగలేదన్న మాట నిజం. ఒప్పుకుంటాను. అడిగే పద్ధతి లేదా అంటే, ఉంది. 1996లో షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం పీసా చట్టం వచ్చింది, రాష్ట్రం 1998లో తన చట్టం చేసింది, 2011లో నియమాలు వచ్చాయి. గ్రామసభే పెద్ద. బొర్రా టికెట్ల సొమ్ములో పంచాయతీకి వాటా కావాలని అక్కడివాళ్ళు అడిగారంటే ఆ చైతన్యంతోనే. పల్లెకి పర్యాటకులు రావాలా, ఏ నెలలో, రోజుకి ఎందరు, ఎక్కడి దాకా, ఫోటోకి ఎవరి అనుమతి, సొమ్ము ఎవరికి అన్నవన్నీ గ్రామసభ కూర్చుని తీర్మానిస్తే నేను నోరు మూసుకుంటాను. నేనే నీకు దారి చూపిస్తాను.

ప్రయాణికురాలు: నిబంధనలు పెట్టడం వాళ్ళకి మనం నేర్పాలా? ఇటుకల పండగప్పుడు మగవాళ్ళు వేటకెళ్తే ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి ప్రతి బండీ ఆపుతారు. డబ్బిస్తేనే తాడు దించుతారు. వేట దొరక్కుండా వచ్చిన మగాడి మీద పేడనీళ్ళు చల్లుతారు. ఆ దారిలో కలెక్టరు కారైనా ఆగాల్సిందే. ఆ తాడు పట్టుకున్న ఆడవాళ్ళు మీరు భయపడుతున్నంత నిస్సహాయులు కారు.

మాస్టారు: పండగనాడు కారు. మిగతా రోజుల మాట?

ప్రయాణికురాలు: మిగతా రోజుల మాటే గ్రామసభ. కానీ అక్కడా నాకొక సందేహం. సభలో ముందు కూర్చునేది మగవాళ్ళు. పెద్దమనిషి, వార్డు మెంబరు. రమ్మందామని వాళ్ళు చేతులెత్తుతారు. నాకు వండి పెట్టేది, నీళ్ళు మోసేది, తన చాప నాకిచ్చి తను వసారాలో పడుకునేది ఆమె. లేదంటే ఇంకోలా జరగొచ్చు. ఆమెకి ఆ డబ్బు కావాలి, తన చేతికి నేరుగా వచ్చే డబ్బు. సభ వద్దంటుంది. అప్పుడు మీరు ఎవరి మాట వింటారు?

మాస్టారు: ఊరి మాట.

ప్రయాణికురాలు: నేను ఆమె మాట.

మాస్టారు: అక్కడే మనిద్దరం విడిపోతాం. ఒక్కామె ఇంటి తలుపు తెరిస్తే వీధంతా తెరిచినట్టే. నువ్వు ఆమె ఇంటికి పోయే దారిలో ఇంకో పది గుమ్మాలున్నాయి. ఆ పదిమందీ ఒప్పుకోలేదు. ఉమ్మడిగా బతికే చోట ఒక్కరి అంగీకారం చాలదు. ఆ కొండల్లో భూమి నిలిచిందే ఆ ఉమ్మడితనం వల్ల.

ప్రయాణికురాలు: ఉమ్మడితనం పేరు మీద ఎక్కడైనా మొదట మూసుకున్నవి ఆడవాళ్ళ తలుపులే మాస్టారూ. మా ఊళ్ళోనూ అంతే.

మాస్టారు: సరే. మా పాత విద్యార్థి ఒకడు ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో పంచాయతీ పని చూస్తున్నాడు. అతనికి రాస్తాను, సభలో అడగమని. ఒక షరతు. వద్దని జవాబొస్తే నువ్వు సంత చూసి, కాఫీ కొని, వెనక్కి వచ్చేయాలి. ఇంకో ఊరు వెతక్కూడదు.

ప్రయాణికురాలు: ఒప్పుకున్నాను. నాదీ ఒక షరతు. రమ్మని జవాబొస్తే ఇంక మీరు అడ్డు చెప్పకూడదు. ఆ ఉత్తరంలో ఒక వాక్యం కూడా చేర్చండి. సభలో ఆడవాళ్ళని విడిగా కూర్చోబెట్టి అడగమని రాయండి.

మాస్టారు: రాస్తాను. రెండు జవాబులూ వేరువేరుగా వస్తే?

ప్రయాణికురాలు: అప్పుడు మళ్ళీ మీ దగ్గరికే వస్తాను. ఈ వాదన మొదటి నుంచి మొదలుపెడదాం.